మళ్లీ మట్టిలోకేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సిమోన్ లీ అనే అమెరికా నల్లజాతి శిల్పి బొమ్మలు ఫోన్‌లో చూసి, బీటెక్ వద్దు, శిల్పం నేర్చుకుంటానంటోంది. మాది కుమ్మరి కుటుంబం. మా నాన్న సారె తిప్పి నన్ను చదివించారు. ఆ పని నుంచి బయటపడడానికి మాకు రెండు తరాలు పట్టింది. పిల్లను మళ్లీ మట్టిలోకే పంపాలా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: మీరు జీతం గురించి మాత్రమే అడిగి ఉంటే నాలుగు ముక్కల్లో చెప్పేసేదాన్ని. కానీ 'మళ్లీ మట్టిలోకే' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ అమ్మాయి ఎవరిని చూసి ఇష్టపడిందో ముందు మీరూ చూడండి.

సిమోన్ లీ 1967లో షికాగోలో పుట్టారు. తల్లిదండ్రులు జమైకా నుంచి వచ్చినవాళ్లు. కాలేజీలో కళతో పాటు తత్వశాస్త్రం చదివారు, మట్టిని పట్టుకున్నారు. కంచూ పాలరాయీ అయితే కళ, మట్టి అయితే చేతిపని అని చిన్నచూపు చూసే రోజులవి. ఆమె వదల్లేదు.

ఆమె చేసే గవ్వలనే తీసుకోండి. పుచ్చకాయంత ఉంటాయి, నిజంగానే పుచ్చకాయ మీద తీసిన అచ్చులతో చేస్తారు. ఆఫ్రికాలో బానిసల వ్యాపారం జరిగిన రోజుల్లో మనుషుల్ని కొనడానికి గవ్వలు డబ్బుగా చెల్లేవి. అమెరికాలో నల్లవాళ్లను వెక్కిరిస్తూ వేసిన బొమ్మల్లో వాళ్ల చేతికి ఇచ్చేది పుచ్చకాయ ముక్క. ఆ రెండు అవమానాలూ ఆమె చేతిలో ఒకే మట్టిపాత్ర అయ్యాయి. ఆమె కొన్ని పనుల్ని కాల్చేటప్పుడు ఆవంలో ఉప్పు వేస్తారు. ఆ ఆవిరి మట్టికి పట్టి గాజులా మెరుస్తుంది. ఈ సంగతి మీ నాన్నగారికి చెప్పి చూడండి, ఆయన తప్పకుండా ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు.

2022లో వెనిస్ బినాలేలో, అంటే ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళల పండుగలో, అమెరికా తరఫున ప్రదర్శన ఇచ్చిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. అక్కడ నీళ్లలో నడుం వంచి బట్టలుతికే ఒక స్త్రీ కంచు విగ్రహం పెట్టారు. దానికి ఆధారం జమైకా చాకలి స్త్రీ పాత ఫొటో. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు అమ్మిన ఫొటో అది. కొన్నవాళ్లకు ఆమె ఒక వింత దృశ్యం, అంతే. లీ బొమ్మలో ఆ వంగిన నడుం ముందు మనమే కాసేపు నిలబడిపోతాం. మీ నాన్నగారు సారె ముందు వంగి కూర్చున్న తీరు చూస్తూ పెరిగిన పిల్లకు ఈ బొమ్మలు ఎందుకు పట్టాయో నాకు అర్థమవుతోంది. మీరు దాటి వచ్చిన పనిని ఆ అమ్మాయి చిన్నతనంగా చూడడం లేదు.

ఇక కష్టం సంగతి. లీకి లక్ష డాలర్ల హ్యూగో బాస్ ప్రైజ్ అనే కళా బహుమతి వచ్చింది 2018లో, యాభై దాటాక. న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద కట్టిన హైలైన్ పార్కులో 16 అడుగుల 'బ్రిక్ హౌస్' విగ్రహం నిలబెట్టింది 2019లో. కళ్లు లేని నల్లజాతి స్త్రీ తల, కింద ఆఫ్రికా మట్టి ఇళ్లలా ఉబ్బిన ఒళ్లు. దానికే 2022 వెనిస్ బినాలేలో గోల్డెన్ లయన్ అనే పెద్ద అవార్డు ఇచ్చారు. అంటే అన్నేళ్లు ఓపిక పట్టాలి. మీ అమ్మాయి బొమ్మలు అమ్ముకుని బతకడానికి పదేళ్లు పట్టొచ్చు, అసలు కుదరకపోవచ్చు కూడా. ఇది ఆమెకు కూడా చదివి వినిపించండి.

అందుకే అన్నం పెట్టే దారి ఒకటి పక్కనే ఉండాలి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్‌ఏయూ)లో శిల్పంలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, ప్రవేశ పరీక్ష ఫేడీ. ఎంపీసీ చదివినా ఇబ్బంది లేదు, డ్రాయింగ్ మాత్రం రోజూ సాధన చేయాలి. బరోడా, శాంతినికేతన్ కళా విద్యాలయాల గురించి కూడా ఆలోచించండి. మీ ఇంటికి నా మొదటి ఓటు మాత్రం అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో ఉన్న సిరామిక్, గ్లాస్ డిజైన్ కోర్సుకే. సీటు కష్టం, కానీ వస్తే ఉద్యోగమూ మట్టీ రెండూ చేతిలో ఉంటాయి. ఈఏపీసెట్ కూడా రాయనివ్వండి, ఫలితాలు చూసుకుని కూర్చుని మాట్లాడుకోవచ్చు.

సూర్యాపేటలో పుట్టి, బరోడాలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి గారి పనులు కూడా ఆమెకు చూపించండి. కొప్పులో పూలు పెట్టుకున్న తెలుగు ఆడవాళ్ల పెద్ద పెద్ద తలలవి. లీని చూసి లీలాగే చేస్తే అది కాపీ అవుతుంది. తన బొమ్మ ఎవరిదో ఆమే వెతుక్కోవాలి.

ఒక పని మాత్రం ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. మట్టి ఏ చెరువు నుంచి తేవాలో, ఎంత తొక్కాలో తాతగారిని నేర్పమనండి. సొంతంగా పది వస్తువులు చేసి ఆవంలో పెట్టమనండి. పగిలినవాటికి కూడా ఫొటోలు తీసి, ఎందుకు పగిలాయో పక్కన రాసి దాచమనండి. అవన్నీ చూశాక మీరిద్దరూ కలిసి నాకు ఇంకో ఉత్తరం రాయండి.