బండి వెనక క్యాంపర్: లాగే బరువు కన్నా మోసే బరువు చూసుకోండి

ప్రశ్న: మా ఎస్‌యూవీ మాన్యువల్‌లో లాగగలిగే బరువు 1500 కిలోలని ఉంది. తీసుకుందామనుకుంటున్న క్యాంపర్ ట్రైలర్ ఖాళీ బరువు 950 కిలోలు. ఇంట్లో నలుగురం. ఇంకా 550 కిలోల వెసులుబాటు ఉంది కాబట్టి నిశ్చింతగా తీసుకోవచ్చా?

జవాబు: 950 అన్నది ట్రైలర్ ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి బరువు. అందులో 80 లీటర్ల నీళ్లు నింపితే 80 కిలోలు. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ పాతిక నుంచి ముప్ఫై. నిండు గ్యాస్ సిలిండరు, స్టెప్నీ, పరుపులు, గిన్నెలు, మడత కుర్చీలు అన్నీ ఎక్కాక 1150 దాకా ఇట్టే వచ్చేస్తుంది. అప్పటికీ 1500 లోపే ఉంటారు. మీ బండికి చిక్కు వచ్చేది ఇంకోచోట.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. అక్కడ లేకపోతే మాన్యువల్‌లో చూడండి. బండి తన ఒంటి మీద మొత్తం ఎంత మోయవచ్చో చెప్పే అంకె అది, పేలోడ్ అంటారు. అది 500 కిలోలు అనుకుందాం. నలుగురు మనుషులు 270, డిక్కీలో సామాను 70, ట్రైలర్ తగిలించే హిచ్, దాని గుండు బిగించే బాల్ మౌంట్ కలిపి 25. ట్రైలర్ ముందు కొస బండి బాల్ మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, 1150లో 12 శాతం లెక్కన 138. మొత్తం 503. లాగే సామర్థ్యంలో 350 కిలోలు మిగిలే ఉన్నాయి, మోసే సామర్థ్యం మాత్రం అయిపోయింది. ఇంజను కంటే ముందు వెనక ఇరుసు చేతులెత్తేస్తుంది. డీలర్లు ఎప్పుడూ మొదటి అంకె చెబుతారు. మీరు రెండోది అడగండి.

ఇంకో మూడు విషయాలు మాన్యువల్‌లోనే చూసుకోవాలి. ఒకటి, డ్రైవర్ బరువు పేలోడ్‌లో కలిసి ఉందా, విడిగా తీసేశారా. కంపెనీలు రెండు రకాలుగానూ లెక్క కడతాయి. రెండు, టంగ్ వెయిట్‌కి విడిగా పరిమితి ఉందా. 1500 లాగే బండికీ అది 75 లేదా 100 కిలోలే ఉండవచ్చు. అలాంటప్పుడు ట్రైలర్ సామానంతా వెనక్కి జరిపి ముందు బరువు తగ్గించడం ప్రమాదం, ట్రైలర్ ఊగుతుంది. తేలికైన ట్రైలర్ చూసుకోవడమే దారి. మూడు, బండి, ట్రైలర్ కలిపి ఎంత ఉండవచ్చనే అంకె. 1500 అన్నది చాలాసార్లు డ్రైవర్ ఒక్కడే ఉన్న బండికి వేసిన లెక్క. లోపల ఎక్కే ప్రతి కిలో అందులోంచి తగ్గవచ్చు.

ప్రశ్న: టంగ్ వెయిట్ ఇంట్లోనే కొలవవచ్చా? ఎంత ఉండాలి?

జవాబు: కొలవవచ్చు, బరువు చూసుకునే మామూలు మెషీన్‌తోనే. ప్రయాణానికి ఎలా నింపుతారో అలా ట్రైలర్ నింపి, చదునైన చోట నిలిపి, చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టండి. నాలుగడుగుల గట్టి దుంగ తీసుకోండి. దుంగ కింద ఒక పక్క గొట్టం ముక్క, ఆ ముక్కకి సరిగ్గా మూడడుగుల దూరంలో మెషీన్ మీద ఇంకో గొట్టం ముక్క పెట్టండి. గొట్టాలు రెండూ ఒకే ఎత్తులో ఉండేలా నేల మీది దాని కింద ఇటుక పెట్టండి. దుంగ ఒక్కటే ఉన్నప్పుడు మెషీన్ చూపే అంకె రాసుకోండి. తర్వాత నేల మీది గొట్టానికి ఒక అడుగు దూరంలో ట్రైలర్ కప్లర్ (బాల్‌ని పట్టుకునే ముందు కొస) బరువు దుంగ మీద పడేలా నిలువు గొట్టం ఆనించి, ట్రైలర్ జాకీ నెమ్మదిగా దించండి. వచ్చిన అంకెలోంచి దుంగ బరువు తీసేసి 3తో హెచ్చించండి. మెషీన్ 42 అంటే టంగ్ వెయిట్ 126.

ఒక ఇరుసు క్యాంపర్‌కి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉంటే మంచిది. వేబ్రిడ్జి దగ్గర్లో ఉంటే అది ఇంకా మేలు. సామానూ మనుషులూ ఎక్కిన బండిని ట్రైలర్ లేకుండా ఒకసారి, తగిలించి ట్రైలర్ చక్రాలు మాత్రం కాటా బయట ఉంచి ఇంకోసారి తూయించండి. తేడాయే టంగ్ వెయిట్. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూస్తే వెనక ఇరుసు పరిమితి దాటిందో లేదో కూడా తేలిపోతుంది.

నీళ్ల ట్యాంకు ట్రైలర్ ఇరుసుకి ముందుందా, వెనకుందా చూసి పెట్టుకోండి. ముందుంటే ఖాళీ అయ్యేకొద్దీ టంగ్ వెయిట్ తగ్గుతుంది, వెనకుంటే పెరుగుతుంది.

ప్రశ్న: ట్రైలర్ తగిలించగానే బండి వెనక భాగం దిగిపోతోంది, హెడ్‌లైట్లు చెట్ల మీదికి కొడుతున్నాయి. స్ప్రింగుల్లో గాలి బ్యాగులు వేయిస్తే సరిపోతుందా?

జవాబు: చూపుకి సరిపోతుంది, అసలు ఇబ్బంది అలాగే ఉంటుంది. బాల్ మీద 130 కిలోలు పడుతున్నాయనుకోండి. బాల్ వెనక ఇరుసుకి 1.1 మీటర్లు వెనకుంది, ఇరుసుల మధ్య దూరం 2.8 మీటర్లు. వెనక ఇరుసు మీద పెరిగేది 130 కాదు, 181. ముందు ఇరుసు 51 కిలోలు పోగొట్టుకుంటుంది. స్టీరింగ్ తేలికైపోవడం, తడి రోడ్డు మీద ముందు చక్రాలకు పట్టు తగ్గడం అందుకే. గాలి బ్యాగులు వెనక భాగాన్ని పైకి ఎత్తుతాయే తప్ప ఆ 51 కిలోలను ముందుకి తేలేవు. పేలోడ్‌ని ఒక్క కిలో కూడా పెంచవు.

బరువును ముందుకి పంచేది స్ప్రింగు బార్లుండే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. అయితే దాన్ని వాడవద్దని స్పష్టంగా రాసే కార్ల కంపెనీలు ఉన్నాయి, కాబట్టి మాన్యువల్ ఒప్పుకుంటేనే. బిగించేటప్పుడు కంటితో అంచనా వేయకండి. ట్రైలర్ లేనప్పుడు ముందు చక్రం పైన మడ్‌గార్డ్ అంచు ఎత్తు కొలవండి, 78 సెంటీమీటర్లు అనుకుందాం. బార్లు బిగించకుండా ట్రైలర్ తగిలిస్తే అది 80 అయింది. బార్లు బిగించాక కనీసం 79కి రావాలి. 78 కంటే కిందికి మాత్రం పోనివ్వకండి, అప్పుడు వెనక చక్రాల పట్టు పోతుంది. గాలి బ్యాగులు కూడా ఉంటే ముందు వాటిలో గాలి సరిచేసి, తర్వాతే బార్లు.

ప్రశ్న: బాల్ ఎత్తు, సైజు ఎలా ఎంచుకోవాలి?

జవాబు: సైజు కప్లర్ మీదే అచ్చు వేసి ఉంటుంది. 50 మిల్లీమీటర్ల కప్లర్‌కి 50 బాలే. చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ తాళం పడినట్టే ఉంటుంది, గతుకులో ఊడి వచ్చేస్తుంది. తాళం వేశాక ట్రైలర్ జాకీతో ముందు కొసను ఎత్తి చూడండి. బండి వెనక భాగం కూడా లేస్తే పట్టుకున్నట్టు. ఎత్తు విషయానికొస్తే, ట్రైలర్ నేలకు సమాంతరంగా, లేదంటే ముక్కు కొద్దిగా కిందికి ఉండాలి. ముక్కు పైకి ఉంటే ఊగుతుంది. గొలుసులు కప్లర్ కింద అడ్డంగా, ఒకదాన్నొకటి దాటేలా వేయండి. కప్లర్ ఊడినా ముక్కు వాటి మీద పడుతుంది, రోడ్డుకి గుచ్చుకోదు. ట్రైలర్ తెగిపోతే బ్రేకులు వేసే బ్రేక్‌అవే తీగను ఆ గొలుసులకి తగిలించకండి, బండి చట్రానికి విడిగా కట్టండి.

ప్రశ్న: ఎడమ ఇండికేటర్ వేస్తే ట్రైలర్ లైట్లన్నీ మసకగా మినుకుమంటున్నాయి. పైగా మూడు గంటలు నడిపినా ట్రైలర్ బ్యాటరీ ఛార్జ్ కావడం లేదు.

జవాబు: ఇవి వేర్వేరు జబ్బులు. మొదటిది నూటికి తొంభై పాళ్లు ఎర్త్. ఎర్త్ తెగితే కరెంటు వెనక్కి పోవడానికి మిగతా బల్బుల గుండా దారి వెతుక్కుంటుంది, అందుకే అన్నీ కలిసి మినుకుమంటాయి. లైట్లన్నీ వేసి, మల్టీమీటర్ ఒక కొస బండి బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకో కొస ట్రైలర్ లైటు ఎర్త్‌కి పెట్టండి. అర వోల్టు దాటితే ప్లగ్గు పిన్ను, చట్రానికి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, పెయింటూ తుప్పూ గీకి మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి. వైర్ల రంగులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, రంగు నమ్మి కలపకండి, టెస్ట్ ల్యాంప్‌తో చూడండి. కొత్త బళ్లలో వెనక లైటు వైరుని కోసి అతికించడం అసలు వద్దు. బండి కంప్యూటర్ అదనపు కరెంటుని లోపంగా చదువుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా కరెంటు తీసుకునే ట్రైలర్ మాడ్యూల్ పెట్టించండి.

రెండోది వైరు మందం. బండి బ్యాటరీ నుంచి ట్రైలర్ బ్యాటరీకి 8 మీటర్లు, పోను రాను 16. చదరపు మిల్లీమీటర్లలో 2.5 మందం రాగి వైరులో 10 ఆంపియర్లు పోతే 1.1 వోల్టు దారిలోనే పోతుంది. 6 మందం వేస్తే అర వోల్టు లోపే. దానికి తోడు ఈ కాలపు ఆల్టర్నేటర్లు బండి బ్యాటరీ నిండగానే వోల్టేజ్ తగ్గించేస్తాయి. అలాంటి బండి అయితే ఎంత మందం వైరు వేసినా ట్రైలర్ బ్యాటరీ నిండదు. ట్రైలర్‌లో, దాని బ్యాటరీ పక్కనే, వచ్చే వోల్టేజ్‌ని పెంచి ఛార్జ్ చేసే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాలి. 20 ఆంపియర్ల ఛార్జర్‌కి 10 మందం వైరు వేయండి. రెండు బ్యాటరీల దగ్గరా, రెండు కొసల్లోనూ, ఫ్యూజు ఉండాలి. వైరు నలిగితే మంట అంటుకునేది ఫ్యూజు లేని కొస నుంచే.

ప్రశ్న: ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పడాలో నిర్ణయించే ఎలక్ట్రిక్ బ్రేక్ కంట్రోలర్ ఎంతకి పెట్టుకోవాలి?

జవాబు: అంకె మీద ఆధారపడొద్దు. ప్రయాణానికి నింపిన ట్రైలర్‌తో, పొడి చదును రోడ్డు మీద, ఎవరూ లేని చోట 30-40 కిలోమీటర్ల వేగంలో కంట్రోలర్ చేతి మీటను పూర్తిగా నొక్కండి, కాలి బ్రేకు తొక్కకుండా. ట్రైలర్ చక్రాలు జారడం మొదలయ్యేదాకా పెంచుకుంటూ వెళ్లి, అక్కడి నుంచి కొద్దిగా తగ్గించండి. కొత్త బ్రేకులు అరిగి కుదురుకునేదాకా మళ్లీ మళ్లీ చూడాలి. వాన పడితే తగ్గించాలి.

ప్రశ్న: వెనక బంపర్‌కి రెండు సైకిళ్ల స్టాండు వేయించాను. అప్పటి నుంచి 80 దాటితే ట్రైలర్ ఊగుతోంది.

జవాబు: స్టాండూ సైకిళ్లూ కలిపి 45 కిలోలు, ట్రైలర్ ఇరుసుకి 2.8 మీటర్లు వెనక. బాల్ 3.6 మీటర్లు ముందు. టంగ్ వెయిట్ 35 కిలోలు తగ్గిపోతుంది. 1000 కిలోల ట్రైలర్‌కి 110 ఉన్నది 75 అయింది, ఏడు శాతం. ముందు పెట్టెలో అంతే బరువు పెట్టి సరిచేద్దామనుకుంటారేమో. శాతం సరిపోతుంది కానీ రెండు కొసల్లో బరువున్న ట్రైలర్ కావడిలా ఒకసారి ఊగితే ఆగదు. సైకిళ్లను బండి పైకి మార్చండి, అక్కడి పరిమితీ పేలోడూ చూసుకొని. బరువైనవన్నీ ట్రైలర్ ఇరుసు మీద, కాస్త ముందుగా, నేలకు దగ్గరగా ఉంచండి.

ఊగడం మొదలైతే స్టీరింగ్ నిటారుగా పట్టుకొని యాక్సిలరేటర్ వదిలేయండి. కాలి బ్రేకు గట్టిగా తొక్కకండి, ఎదురు తిప్పకండి. కంట్రోలర్ చేతి మీట ఉంటే ట్రైలర్ బ్రేకు మాత్రమే వేయండి, అది వెనక నుంచి లాగి గీత సరిచేస్తుంది.

ప్రశ్న: కొండ ఎక్కుతుంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పై గేరుకీ కింది గేరుకీ ఊరికే మారుతోంది. ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. అలా మారుతున్నంతసేపూ, ఇంజను బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ కాగుతూ ఉంటుంది. ట్రైలర్ లాగేటప్పటి టో మోడ్ ఉంటే వేయండి, లేకపోతే చేత్తో ఒక గేరు తగ్గించి అక్కడే ఉంచండి. ఆయిల్ ఉష్ణోగ్రత చూపే బండి అయితే 120 డిగ్రీలు దాటగానే పక్కకి ఆపి న్యూట్రల్‌లో ఇంజను నడవనివ్వండి. దిగేటప్పుడు వాలు మొదలవకముందే గేరు తగ్గించాలి. ఆయిల్ మార్చే గడువు విషయంలో మాన్యువల్‌లో కఠిన వాడకం అని రాసిన పట్టికే మీది.

ప్రశ్న: టైర్ల గాలి?

జవాబు: బండికి స్టిక్కర్ మీద నిండు బరువుకి రాసిన అంకె. ట్రైలర్‌కి దాని తయారీదారు ఇచ్చిన అంకె, రెండూ టైర్లు చల్లగా ఉన్నప్పుడే. ట్రైలర్ టైరు అరిగేలోపే పాతబడుతుంది, పక్కన నాలుగంకెలు చూడండి: 3521 అంటే 2021లో 35వ వారం. చక్రం నట్లు మొదటి 80 కిలోమీటర్లకి మళ్లీ టార్క్ పానాతో (ఎంత బిగువో కొలిచే పానా) బిగించండి. అక్కడే చక్రం మధ్యలో ఉండే హబ్‌ని చేతి వెనక వైపుతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేకపోతే బేరింగ్‌లో గ్రీజు అయిపోయిందన్నమాట, లేదా బ్రేకు పట్టేసి ఉంది.