ఆసుపత్రులకు డబ్బు చెల్లించే పద్ధతి మారిస్తే వైద్యం మెరుగవుతుందా?

కొంతవరకు అవుతుంది. చేసిన ప్రతి పనికీ విడిగా ఫీజు ఇస్తే టెస్టులు, స్కానింగులు, ఆపరేషన్లు పెరుగుతాయి. డాక్టర్‌కు దురాశ ఉండక్కర్లేదు. ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడి షుగర్ మందు డోసు సరిచేస్తే ఏమీ రాదు. అదే రోగి కాలికి పుండు పడి అడ్మిట్ అయితే పెద్ద బిల్లు అవుతుంది.

అమెరికాలో ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 1983లో ఆసుపత్రులకు చెల్లించే పద్ధతిని మార్చింది. జబ్బును బట్టి ఒక్కో అడ్మిషన్‌కు ఇంత అని ముందే ఖరారు చేసింది. రోగులు ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. మరి జబ్బు తగ్గకముందే ఇంటికి పంపేస్తే? గుండె వైఫల్యం, న్యుమోనియా వంటి జబ్బులకు డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపే మళ్లీ చేరేవాళ్లు మరీ ఎక్కువైతే, 2012 నుంచి ఆ ఆసుపత్రికి చెల్లింపుల్లో కోత పెడుతున్నారు. ఇప్పుడది గరిష్ఠంగా 3 శాతం.

ఇంకో పద్ధతి, తలకింత అని ముందే ఇచ్చేయడం. ఇందులో రోగి ఆరోగ్యంగా ఉంటేనే ఆసుపత్రికి లాభం. కానీ జబ్బు ముదిరినవాళ్లను తప్పించుకోవాలని చూస్తారు. అందుకే వయసు, జబ్బుల్ని బట్టి ఆ మొత్తాన్ని సవరించాలి.

ఇక టెక్నాలజీ. ఒక చోట తీసిన స్కాన్ ఇంకో చోట కంప్యూటర్‌లో కనిపిస్తే మళ్లీ తీయక్కర్లేదు. కానీ పనికింత ఫీజు ఉన్నంతకాలం రెండో స్కాన్ కూడా ఆదాయమే, రికార్డులు పంచుకోవాలన్న తొందర ఎవరికుంటుంది?