తమ్ముడు నోరు విప్పడం లేదు

ప్రశ్న: మా తమ్ముడికి 36 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. భార్య కొన్నేళ్లుగా కొడుతోందన్న సంగతి, రెండు నెలల క్రితం ఆమె మరిగే నీళ్లు పోయడంతో భుజం కాలి మా ఇంటికి వచ్చేసినప్పుడే మాకు తెలిసింది. ఆసుపత్రిలో ‘మగాడివై ఉండి ఆడదాని చేతిలో దెబ్బలు తిన్నావా’ అన్నారట. అప్పటి నుంచి ఏ డాక్టరు దగ్గరికీ రానంటున్నాడు. గిన్నె కింద పడినా ఉలిక్కిపడతాడు, రాత్రిళ్లు నిద్రపోడు. పెద్దమనుషుల్లో పెట్టి తేల్చేద్దామని మావాళ్లు అంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక అక్క, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆసుపత్రిలో అన్న ఆ మాట మీ తమ్ముడికి రెండో గాయం. ఇన్నేళ్లూ అతను ఈ విషయం దాచింది సరిగ్గా ఆ మాటకు భయపడే. ఎదురు తిరగకపోవడం పిరికితనం కాదు. చెయ్యెత్తకూడదన్న సంస్కారం కావచ్చు, భయంతో ఒళ్లు కొయ్యబారిపోవడమూ కావచ్చు. అడుగుల చప్పుడును బట్టే రాబోయే ప్రమాదాన్ని ఏళ్ల తరబడి పసిగడుతూ బతికిన మనిషికి, ఇల్లు మారినంత మాత్రాన ఆ జాగరూకత పోదు. మగవాళ్లలో ఈ బాధ చాలాసార్లు కోపంగా, తాగుడుగా, కడుపునొప్పిగా, గుండె పట్టేసినట్టుగా బయటపడుతుంది కాబట్టి అసలు కారణం తెలియకుండానే వైద్యం సాగిపోతూ ఉంటుంది.

ఇలాంటి వారి కోసం ‘ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ కేర్’ అనే పద్ధతి ఉంది. ‘నీలో లోపమేమిటి’ అని కాక ‘నీకేం జరిగింది’ అన్న దృష్టితో మొదలై, రోగికి భద్రత కల్పించడం, చేయబోయేది ముందే చెప్పడం, నిర్ణయం అతని చేతిలోనే ఉంచడం ఇందులో ముఖ్యం. అమెరికన్ మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరిస్తూ భద్రతను మొదట పెట్టారు. జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం ఆ తరువాతే. అందుకే పెద్దమనుషుల పంచాయితీ ఇప్పుడు వద్దని గట్టిగా చెబుతున్నాను. తనను కాల్చిన మనిషి ఎదుట కూర్చోబెట్టి, పదిమంది ముందు అంతా చెప్పించి, చివరకు ‘సర్దుకుపో’ అని పంపించడం అతన్ని మళ్లీ ఆ హింసలోకి నెట్టడమే. మీది ప్రేమే అయినా, అతని తరఫున మీరు నిర్ణయాలు తీసుకుంటే అతను ఇంతకాలం కోల్పోయినదే మళ్లీ కోల్పోతాడు.

ఇంటికి ఎవరైనా వస్తుంటే ముందే చెప్పండి. వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయకండి. అతని అనుమతి లేకుండా బంధువులకు చెప్పకండి. అతని ముందు భార్యను తిట్టకండి. ఆమె మీద అతనికి ఇంకా ప్రేమ ఉండవచ్చు, అప్పుడు మీ దగ్గర కూడా నోరు మూసుకుంటాడు. ముందుగా మీరొక్కరే మానసిక వైద్యులను కలిసి, ఆ ఆసుపత్రిలో జరిగింది చెప్పి, అతనితో ఏకాంతంగా మాట్లాడతారా, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకపోయినా ఒప్పుకుంటారా అని అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాల గోప్యత అతని హక్కు అని అతనికీ చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చట్టం సంగతికి వస్తే, 2005 గృహ హింస చట్టం కింద రక్షణ కోరగలిగేది స్త్రీలు మాత్రమే. ఆ చట్టం అవసరం నేటికీ ఉంది, అంతమాత్రాన మీ తమ్ముడి గాయం చిన్నదైపోదు. వేడి పదార్థంతో గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కింద ఎవరు చేసినా నేరమే. హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం కారణంగా విడాకులు భర్త కూడా కోరవచ్చు. కాలిన గాయానికి చేసిన చికిత్స కాగితాలు, ఫొటోలు దాచి ఉంచండి. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం అతనే తేల్చుకోవాలి.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని అతన్ని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అవునంటే ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలకుండా, మందులు, తాళ్లు, పురుగుమందు వంటివి అందుబాటులో లేకుండా చేసి, వెంటనే వైద్య సహాయం అందేలా చూడండి.