తీర్థయాత్రలో అంత అవస్థపడి వచ్చి కూడా మా అమ్మలాంటి పెద్దవాళ్లు ‘ప్రాణం హాయిగా ఉంది’ అంటారు, అదంతా భ్రమేనా?

భ్రమ అని నేను అనను. ప్రయాగలో ఏటా గంగ ఒడ్డున జరిగే మాఘమేళాకు మా పెద్దమ్మను తీసుకెళ్లింది నేనే. మోకాళ్ల నొప్పుల మనిషి. డేరాలో గడ్డి పరిచి దాని మీద దుప్పటి వేసిన పడక, తెల్లవారకముందే గంగలో మునక. రాత్రంతా మైకుల్లో భజనలు, మధ్యమధ్యలో తప్పిపోయినవాళ్ల పేర్లు. నాకు కంటి మీద కునుకు లేదు. ఆమె మాత్రం హాయిగా నిద్రపోయింది. ‘దేవుడి పేరు వినిపిస్తుంటే అది గోలెట్లా అవుతుందిరా’ అంది.

వచ్చాక మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగితే, ‘అవి అలాగే ఉన్నాయి, నేను బాగున్నాను’ అంది. మీ అమ్మగారు చెబుతున్నదీ ఇదేనేమో. మనం ఒంటి సంగతి అడుగుతాం, వాళ్లు తమ సంగతి చెబుతారు.

పుష్య పౌర్ణమి నుంచి మాఘ పౌర్ణమి దాకా అక్కడే ఉండే కల్పవాసులది ఇంకా కఠినమైన నియమం: నేల పడక, ఒంటిపూట భోజనం, రోజూ నదీస్నానం. ఈ మేళా మీద ఒక పరిశోధన 2012లో ప్లాస్ వన్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. వెళ్లిన 416 మందినీ, వెళ్లని 127 మందినీ మేళాకు నెల ముందు ఒకసారి, ముగిసిన నెలకు మరోసారి ఎలా ఉన్నారని అడిగారు. వెళ్లనివాళ్లతో పోలిస్తే వెళ్లొచ్చినవాళ్లే మునుపటికన్నా బాగున్నామన్నారు. రోగం నయమైందని దీనర్థం కాదు, వాళ్లు చెప్పుకున్న మాటే. తోటి యాత్రికులంతా మనవాళ్లే అనిపించడానికి ఇందులో పెద్ద పాత్ర ఉందని ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది.

నాకది కళ్లారా కనిపించింది. ఒండ్రులో పెద్దమ్మ కాలు జారుతుంటే ఎవరో ఆవిడ ‘మాతాజీ’ అంటూ మణికట్టు పట్టుకుని నీళ్లదాకా నడిపించింది. ఈమెకు హిందీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఇంటికొచ్చాక గంగ గురించి కన్నా ఆవిడ గురించే ఎక్కువ చెప్పింది. ఇంట్లో మేమంతా ఆమెను రోగిలాగే చూస్తాం, లేవొద్దు, నడవొద్దు అంటాం. అక్కడ ఎవరూ అలా చూడలేదు.

అందుకని అమ్మగారు మళ్లీ వెళ్తానంటే ఆపకండి. మందులు మాత్రం ఒక్క పూట కూడా మాననివ్వకండి. మౌని అమావాస్య లాంటి పర్వదినాలు వదిలేసి మామూలు రోజుల్లో తీసుకెళ్లండి. 2025లో అక్కడే జరిగిన కుంభమేళాలో తొక్కిసలాటలో ప్రాణాలు పోయింది ఆ అమావాస్య నాడే.