న్యూస్‌లెటర్ సరే, ఆ పాస్‌వర్డ్ ఎంతమంది దగ్గరుంది?

ప్రశ్న: డబ్లిన్ దగ్గర స్వోర్డ్స్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడి ఐరిష్ సంప్రదాయ సంగీత క్లబ్‌లో ఫిడేలు నేర్చుకుంటోంది. ‘మీరు ఐటీయే కదా’ అంటూ క్లబ్ న్యూస్‌లెటర్ నాకు అంటగట్టారు. ప్రతి నెలా అర్ధరాత్రి దాటుతోంది. ఐరిష్ పేర్లలో అచ్చుల మీది గీతలు పిచ్చి గుర్తులుగా మారుతున్నాయి. చాలామందికి స్పామ్‌లోకి పోతోంది. క్లబ్ మెయిల్ పాస్‌వర్డ్ పాత కార్యదర్శులందరికీ తెలుసు, లాగిన్ కోడ్ మాత్రం ఆస్ట్రేలియా వెళ్లిపోయిన ఒకావిడ ఫోన్‌కి వెళ్తుంది. సభ్యుల ఎక్సెల్ జాబితా వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. మంచి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పండి.

జవాబు: అపార్ట్‌మెంట్ సంఘం, పూర్వ విద్యార్థుల సంఘం, విదేశాల్లో తెలుగు సంఘం... ఎక్కడి నుంచి వచ్చినా ఉత్తరం ఇదే. ఇల్లు తలుపులు తీసి ఉందని మధ్యలో ఎక్కడో చెప్పి, చివర్లో గోడలకి ఏ రంగు వేయమంటారు అని అడుగుతారు.

గీతల సంగతి ముందు తేల్చేద్దాం. ఐరిష్‌లో వాటిని ఫాడా అంటారు. జాబితాను సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలుగా, దింపుకుని డబుల్ క్లిక్‌తో తెరుస్తున్నారనుకుంటా. ఫైలు యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాల్నీ దాచగల ఎన్‌కోడింగ్‌లో ఉంటుంది, స్ప్రెడ్‌షీట్ దాన్ని పాత విండోస్ ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతుంది. పాత డీటీపీ ఫాంట్లతో తంటాలు పడ్డ తెలుగువాళ్లకి ఈ తిప్పలు కొత్త కాదు. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేస్తూ యూటీఎఫ్-8 (65001) ఎంచుకోండి. తప్పుగా తెరిచి సేవ్ చేసేసిన ఫైలును బాగుచేస్తూ కూర్చోకండి, మళ్లీ దింపుకోండి. టైపింగ్‌కి ఐరిష్ కీబోర్డు పెట్టుకుని, ఆల్ట్ జీఆర్ (AltGr) కీ పట్టుకుని అచ్చు కొడితే చాలు.

అర్ధరాత్రి దాటడానికి కారణం సాఫ్ట్‌వేర్ కాదు, రాసిచ్చేవాళ్లు. ఒకరు పోస్టరు ఫోటో పంపుతారు, ఒకరు వాయిస్ మెసేజ్, ఇంకొకరు చేత్తో రాసిన ట్యూన్‌ని వంకరగా తీసిన ఫోటో. ట్యూన్లకి 1990ల నుంచీ ఏబీసీ అనే పద్ధతి ఉంది, ఐరిష్ సంగీతం వాయించేవాళ్లలో చాలామందికి తెలిసినదే. ఉత్త అక్షరాలే: ఎం అన్న వరసలో 6/8 అని రాస్తే జిగ్ అనే డాన్స్ ట్యూన్ అని తెలిసిపోతుంది, కే వరసలో శ్రుతి, కింద స్వరాలు. మెయిల్‌లో పేస్ట్ చేస్తే సరిపోతుంది, ఉచిత ప్రోగ్రాములు దాన్ని స్టాఫ్ నొటేషన్‌గా మార్చేస్తాయి. ఆగస్టులో జరిగే ఫ్లా క్యోల్ అనే ఐరిష్ సంగీత పోటీల వార్తయినా సరే, గడువు దాటి వస్తే వచ్చే నెలకే అని మొహమాటం లేకుండా చెప్పండి.

ఇక నాకు నిజంగా టెన్షన్ పుట్టించిన విషయం. ఆ మెయిల్‌లోకి దూరిన దొంగ మీ న్యూస్‌లెటర్‌ని పాడుచేయడు. పాత మెయిళ్లు చదువుతాడు. కోశాధికారి ఎలా రాస్తారో, ఫీజులు ఎప్పుడు కడతారో చూసుకుంటాడు. సరిగ్గా ఆ వారంలో, క్లబ్ మెయిల్ నుంచే, ‘బ్యాంకు ఖాతా మారింది, కొత్త ఐబాన్ ఇదీ’ అని అందరికీ పంపుతాడు. ఐబాన్ అంటే అంతర్జాతీయ బ్యాంకు ఖాతా సంఖ్య. ఐరిష్ ఐబాన్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 22 ఉంటాయి. పాతదానితో పోల్చి చూసే ఓపిక ఎవరికుంటుంది? 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల బ్యాంకులు పేరూ ఖాతా కలిశాయో లేదో డబ్బు పంపేముందే చూపించాలి. మంచి పనే. కానీ హెచ్చరిక వచ్చినా ‘కొత్త ఖాతా కదా’ అనుకుని నొక్కేసేవాళ్లు ఉంటారు.

పాస్‌వర్డ్ ఈ రోజే మార్చండి. ఆస్ట్రేలియా ఆవిడకి ఫోన్ చేసి, ఆవిడ లైన్‌లో ఉండగానే లాగిన్ కోడ్‌ని కమిటీలో ఇద్దరికి మార్పించండి. అక్కడితో ఆగకండి. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, కనెక్ట్ అయిన యాప్‌లు చూడండి. ఎవరో ఎప్పుడో పెట్టిన ఫార్వర్డింగ్ రూల్ పాస్‌వర్డ్ మార్చినా పోదు, మీ మెయిళ్లన్నీ నిశ్శబ్దంగా బయటికి పోతూనే ఉంటాయి.

ఆ ఎక్సెల్ ఇంకా దారుణం. పిల్లల క్లబ్ అన్నాక పుట్టినతేదీలు, అలర్జీల కాలమ్ ఉండకపోవు. 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్, అంటే యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఆరోగ్య వివరాలకు ప్రత్యేక రక్షణ ఉంది. ఫైలు బయటపడి ఎవరికైనా ముప్పుండేలా ఉంటే, తెలిసిన 72 గంటల్లో ఆ చట్టాన్ని ఐర్లండ్‌లో చూసే డేటా ప్రొటెక్షన్ కమిషన్‌కి చెప్పాలి. వాలంటీర్లం అంటే వినరు. కాలమ్‌ని హైడ్ చేసి పంపడం రక్షణ కాదు. న్యూస్‌లెటర్‌కి పేరు, ఈమెయిల్ చాలు. ఆ రెండింటితో వేరే ఫైలు పెట్టుకోండి.

స్పామ్‌కి మందు: ఉచిత మెయిల్ నుంచి వందల మందికి బీసీసీ పెట్టడం మానండి. క్లబ్ సొంత డొమైన్ తీసుకుని మెయిల్ నిజంగా మీ డొమైన్‌దేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టించి, మెయిలింగ్ సర్వీసు ద్వారా పంపండి.

ఈ సర్వీసుల మీదా నాకు కోపమే. అన్నీ సరుకు అమ్మేవాళ్ల కోసం కట్టినవి. శనివారం కేలీ (ఐరిష్ సామూహిక నృత్యం) ఉందని చెప్పబోతే దాన్ని ‘క్యాంపెయిన్’ అంటాయి. ఎవరు తెరిచారో, ఎవరు ఏ లింకు నొక్కారో అడక్కుండానే గ్రాఫులు గీసి చూపిస్తాయి. పక్కింటాయన నా మెయిల్ చదివాడో లేదో కూపీ లాగమని క్లబ్ కార్యదర్శి ఎప్పుడు అడిగింది? ట్రాకింగ్ ఆపే బటన్ మాత్రం నాలుగు మెనూల లోపల. వెతికి ఆపేయండి.

డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏదీ కొనకండి. మెయిల్‌లోనే మామూలుగా, కాస్త పెద్ద అక్షరాలతో రాసి, ఒక ఫోటో పెట్టండి. నోటీసు బోర్డుకి అంటించాలంటే దాన్నే ప్రింట్ తీయండి.