ఇల్లు కురుస్తోందని కంగారుపడి అడ్వాన్సు ఇవ్వకు

చిరంజీవి అబ్బాయికి,

స్లాబు కురుస్తోందనీ, వాటర్‌ప్రూఫింగు చేస్తామంటూ ఎవరో వచ్చి కొలతలు తీసుకెళ్లారనీ రాశావు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదుగా, ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా ఇవ్వకు. ఈ పనిలో మోసం చేయడం మహా తేలిక. ఇంటివాళ్లు డాబా ఎక్కి చూడరు, ఎక్కినా పూత కింద ఏముందో కంటికి ఆనదు. పైకి తెల్లగా నిగనిగలాడితే చాలు, పని బాగుందని డబ్బులిచ్చేస్తారు. తీరా వానలు మొదలయ్యేసరికి వాడి ఫోను పలకదు.

పిలవకుండా వచ్చి, "పక్క వీధిలో పని చేస్తున్నాం, సరుకు మిగిలింది, సగం రేటుకే చేస్తాం, ఇవాళ ఒప్పుకుంటేనే" అనేవాణ్ణి గుమ్మంలోంచే పంపించెయ్. గాలివాన వెలిసిన మర్నాడు ఇలాంటివాళ్లు ఎక్కువగా తిరుగుతారు. ఎవర్నీ ఒంటరిగా డాబా ఎక్కనివ్వకు. సుత్తితో గచ్చు పగలగొట్టి ఫోటో తీసి చూపించేవాళ్లున్నారు, ఒక్కోసారి ఆ ఫోటో నీ డాబాది కూడా కాదు. ముందే నీ ఫోనులో డాబా అంతా వీడియో తీసి ఉంచుకో.

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ముందు నువ్వు తేల్చుకో. వానల్లేని రోజుల్లోనూ చెమ్మ ఉంటే అనుమానం ట్యాంకు మీదా, పైపుల మీదా పెట్టుకోవాలి. రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, కొళాయిలన్నీ కట్టేసి, నీటిమట్టం దగ్గర గీత గియ్యి. తెల్లారేసరికి మట్టం దిగితే డాబాకు ఎన్ని పూతలు పూసినా దండగే. వానకే కారుతుంటే పిట్టగోడ స్లాబును కలిసే మూల, వాననీటి పైపు మూతి, పైపులు దూర్చిన కన్నాలు ముందు చూడు. స్లాబులోకి దిగిన నీరు పక్కకు పాకి మరోచోట బొట్టుగా పడుతుంది, కాబట్టి మరకకు సరిగ్గా పైనే బీట ఉంటుందనుకోకు. ఇవేవీ చూడకుండా "మొత్తం డాబా చెయ్యాల్సిందే" అంటే అతను చూసింది నీ ఇంటిని కాదు, చదరపుటడుగుల్ని.

కింద పెచ్చులూడి తుప్పుపట్టిన చువ్వలు కనిపిస్తుంటే సంగతి వేరు. పైన పూతేసి, కింద ప్లాస్టరు మెత్తి మూసేసేవాడు ఒక రకం, రేపో మాపో కూలిపోతుందని హడలగొట్టేవాడు ఇంకో రకం. ఇద్దర్నీ పక్కనపెట్టి, రిపేరు పని చేయించని స్ట్రక్చరల్ ఇంజినీరుకు, అంటే కట్టడం బలం లెక్కగట్టే ఇంజినీరుకు, ఫీజిచ్చి చూపించు.

ఇక లెక్క. టేపుతో నువ్వే కొలువు. డాబా 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు అనుకో, 1000 చదరపుటడుగులు. పిట్టగోడ లోపలివైపు అడుగు ఎత్తు దాకా పూత ఎక్కాలి. చుట్టుకొలత 130 అడుగులు కాబట్టి అదొక 130. మొత్తం 1130. అతని కాగితంలో 1500 ఉంటే మిగతా 370 ఎక్కడున్నాయో చూపించమను.

సరుకు ఎంత పడుతుందో డబ్బా మీదే ఉంటుంది. రెండు పూతలకు కలిపి లీటరుకు 20 చదరపుటడుగులని రాసి ఉంటే, 1130కి 56 లీటర్ల పైచిలుకు, అంటే 20 లీటర్ల బకెట్లు మూడు. లీటరు ద్రవాన్ని చదరపు మీటరులో పరిస్తే తడి పొర 1 మిల్లీమీటరు వస్తుంది, ఎండాక ఇంకా పలచబడుతుంది. ఆ 1130 చదరపుటడుగులంటే సుమారు 105 చదరపు మీటర్లు. ఒక్క బకెట్టుతో కానిచ్చేస్తే పొర తడిగా ఉన్నప్పుడే 0.2 మిల్లీమీటర్లకు చేరదు. నీళ్లు కలిపి సాగదీయడమే ఇందులో పాత ఎత్తు. పూతలకు ముందు అడుగున పట్టించే ప్రైమరులో నీళ్లు డబ్బా మీద చెప్పినంతే కలపాలి, పై పూతల్లో కలపమని రాసి ఉంటే తప్ప చుక్క కూడా పడకూడదు. సరుకు నువ్వే కొను, సీలు నీ ఎదుటే తీయించు, ఖాళీ బకెట్లు లెక్క తేలేదాకా నీ దగ్గరే ఉంచుకో. మొదటి పూత బూడిద రంగు, రెండోది తెలుపు తెప్పిస్తే ఎన్ని పూతలు పడ్డాయో కిందినుంచి వచ్చిన పిల్లాడైనా చెబుతాడు.

అసలు చేతివాటమంతా పూతకు ముందే జరుగుతుంది. నాచు, ఊడుతున్న పాత పొర వైరు బ్రష్షుతో గీకించాలి. బీటల్ని వీ ఆకారంలో చెక్కి పాలిమరు కలిపిన సిమెంటుతో నింపాలి. పిట్టగోడ మూలల్లో గుండ్రటి వంపు తీర్చి ఫైబరు జాలీ పరవాలి. దుమ్ము మీదో చెమ్మ మీదో పూస్తే పొర బుడగలు లేచి అప్పడంలా ఊడొస్తుంది. ఆరిందో లేదో చూడాలంటే, 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి 16 గంటలు వదిలెయ్. అడుగున చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి. కూలివాళ్లు ఖాళీగా ఉన్నారని అతను తొందరపెడతాడు, విననట్టే ఉండు.

పూత పూర్తిగా గట్టిపడ్డాక, సుమారు వారానికి, పైపు మూతులు బిగించి 25 మిల్లీమీటర్ల నీళ్లు 48 గంటలు నిలబెట్టు. పక్కనే ఒక బకెట్టులో నీళ్లుంచి రెండు మట్టాలూ చూడు. బకెట్టులో తగ్గినంత ఎండ తాగిందని లెక్క. డాబా మీద అంతకన్నా ఎక్కువ తగ్గినా, కింద చెమ్మ తగిలినా పని కానట్టే. చదరపు మీటరుకు 25 కిలోల బరువు పడుతుంది కాబట్టి స్లాబు పాతదైతే ఇంజినీరును అడగకుండా ఈ పరీక్ష పెట్టకు.

పదేళ్ల గ్యారంటీ అంటే ఎవరిదని అడుగు. కంపెనీ కాగితం సాధారణంగా సరుకు వరకే, పూసిన పనికి మేస్త్రీ విడిగా సంతకం పెట్టాలి. ఒప్పందంలో సరుకు పేరు, పూతల సంఖ్య, చదరపుటడుగులు, బీటల పని, కారితే ఎన్నాళ్లలో వచ్చి చూస్తాడో రాయించు. డబ్బు పని నడిచేకొద్దీ ఇవ్వు. నీళ్ల పరీక్ష దాకా కొంత, మొదటి వానాకాలం గడిచేదాకా ఇంకాస్త నీ చేతిలోనే ఉండాలి.

అతను తీసుకెళ్లిన కొలతల కాగితం అడిగి నాకు పంపు. "కాగితాలెందుకండీ, నోటిమాట చాలదా" అంటే వేరే మనిషిని చూడు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న