నాలుగో పేజీలోని ముసలావిడ

బాబూ,

నీ ఉత్తరమూ, లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ మీద నువ్వు రాసిన పద్నాలుగు పేజీలూ మొన్న శుక్రవారం అందాయి. నా మనవడి ఈడువాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. మొదటిసారి చదువుతూ మూడో పేజీలోనే ఆపేశాను. పొద్దున భిక్ష గురించి నువ్వు రాసింది చూసి ఒళ్ళు మండింది. "కాషాయ వస్త్రాల్లో బారులుగా నడిచివచ్చే భిక్షువులను చూస్తే మనసు మరో లోకానికి వెళ్ళిపోయింది. ఎదురుగా నిలబడి మంచి ఫొటో తీసుకోగలిగాను" అన్నావు.

ఎదురుగా ఎలా నిలబడ్డావు నాయనా? దూరంగా ఉండమని, ఫ్లాష్ వేయొద్దని అక్కడ చెబుతూనే ఉంటారు కదా. మర్యాద సంగతి పక్కన పెడదాం. ఆ భిక్షాపాత్రలో ఏం పడుతోందో చూశావా? అది బంక బియ్యం అన్నం. ముందురోజు రాత్రే నానబోస్తారు. తెల్లవారుజామున లేచి వెదురుబుట్టలో పోసి, మూతి సన్నగా ఉన్న కుండ మీద పెట్టి, ఆవిరికి ఉడికిస్తారు. ఒకవైపు ఉడికాక ముద్ద మొత్తాన్ని బుట్టలోనే ఎగరేసి తిరగేస్తారు. తర్వాత చిన్న బుట్టలోకి తీసుకుని, వీధి పక్కన చాప మీద మోకాళ్ళు ముడిచి కూర్చుని, వచ్చిన ప్రతి పాత్రలోనూ చేత్తో చిటికెడంత ముద్ద పెడతారు. బారు చివర ఖాళీ బుట్టలతో కూర్చునే పేదపిల్లలకు ఆ భిక్షువులే తమ పాత్రలోంచి తీసి పెడతారు. నువ్వు మరో లోకం అన్నావు చూడు, అక్కడిదంతా వంటింటి లోకం.

మర్నాడు కోపం తగ్గాక మళ్ళీ చదివాను. నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "వెదురు వంతెన దగ్గర టికెట్ ఇచ్చిన ముసలావిడ అరచేతుల నిండా గీతలే." ఈ వాక్యం నువ్వే రాశావు, ఇంకెవరూ రాయలేరు. కానీ వెంటనే "అక్కడినుంచి ఫూసీ కొండ ఎక్కాం" అంటూ వెళ్ళిపోయావు. ఆమెను అక్కడే వదిలేశావు.

ఆ గీతలు ఎందుకున్నాయో అడగాల్సింది. నామ్ ఖాన్ నది మెకాంగ్‌లో కలిసే మూల దగ్గర ఆ వంతెనను ఏటా కొత్తగా కడతారు. వానలు వెనకపట్టి నది తగ్గాక వెదురు కొట్టి, చీల్చి, అల్లి కట్టుకొస్తారు. మళ్ళీ వానలు ముదిరేలోపు విప్పేస్తారు. విప్పకపోతే నదే తీసుకుపోతుంది. నువ్విచ్చిన కొన్ని వేల కిప్‌లు (వాళ్ళ డబ్బు) వచ్చే ఏటి వెదురుకే పోతాయి. అంటే ఆ ఊళ్ళో ఏటా పుట్టి ఏటా పోయే వంతెన ఒకటుంది, దాని గుర్తులు ఒక మనిషి చేతుల్లో ఉన్నాయి. నువ్వేమో 1995లో యునెస్కో గుర్తింపు వచ్చిందని ఒక పేరా రాశావు. అది ఎవరైనా రాస్తారు.

నాకున్న నమ్మకం ఒక్కటే, నలభై ఏళ్ళుగా అదే చెబుతున్నాను. ఊరు చూసి వచ్చినవాడు అక్కడ పనిచేసే చేతుల గురించి రాయాలి. ఎవరు వండారు, ఎవరు కట్టారు, ఎవరు తోశారు, ఎవరు ఊడ్చారు. అవి లేకపోతే కొండా నదీ ఉత్త క్యాలెండర్ బొమ్మలు.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. 1986లో రాజమండ్రి నుంచి లాంచీలో పాపికొండలు వెళ్ళొచ్చి నా మొదటి యాత్రా వ్యాసం రాశాను. అందులో రెండు పేజీలు లాంచీ సరంగు గురించే. నీటి రంగు చూసి ఇసుక మేట ఎక్కడుందో చెప్పేవాడాయన. పైన చిన్న ముడతలు పడితే లోతు తక్కువని, నున్నగా నల్లగా ఉంటే లోతని చూపించాడు. అచ్చయ్యాక పత్రిక తెచ్చిస్తానని మాటిచ్చాను. ఒక వారపత్రిక తీసుకుంది. అచ్చులో చూస్తే సరంగు లేడు. "ప్రకృతి ఒడిలో ఒకరోజు" అని పేరు మార్చి, నేను రాయని "పరవశం" అనే మాట మూడుచోట్ల చేర్చారు. సంపాదకుణ్ణి అడిగితే, "పాఠకులకు లాంచీ డ్రైవర్ ఎందుకండీ" అన్నాడు. మరుసటేడు మళ్ళీ అదే లాంచీ ఎక్కాను. ఆయన గుర్తుపట్టి, టీ ఇప్పించి, "బుక్కులో పడ్డానా బాబుగారూ" అని అడిగాడు. పత్రిక నా సంచీలోనే ఉంది. తీయలేకపోయాను. ఆ రోజు నుంచి ఎవరు కోసేస్తామన్నా సరే, పనిచేసేవాడి పేరా వదులుకోలేదు. అందువల్ల నా వ్యాసాలు ఎన్నో తిరిగొచ్చాయి. ఇప్పటికీ బాధ లేదు.

ఇప్పుడు ఆ సంపాదకుల స్థానంలో "తప్పక చూడాల్సిన పది ప్రదేశాలు" వచ్చి కూర్చుంది. నీ పేజీల్లో దాని వాసన కొడుతోంది. మూడు రోజుల్లో పదిహేడు చోట్లు లెక్కపెట్టాను.

కువాంగ్ సీ జలపాతం దగ్గర "మాటలకందని అందం" అన్నావు. మాటలకు అందేదాకా అక్కడే నిలబడాలి. ఆ నీళ్ళు సున్నపురాయి కొండల్లోంచి సున్నాన్ని కరిగించుకుని తెస్తాయి. రాయి మీదా, విరిగిపడిన కొమ్మ మీదా అది పొరలు పొరలుగా పేరుకుని గట్టవుతుంది. ఆ గట్ల వెనక నిలిచిన నీళ్ళే నువ్వు ఈతకొట్టిన మడుగులు. మన బొర్రా గుహల్లో కప్పునుంచి వేలాడే రాళ్ళను చేసింది కూడా ఈ సున్నమే. వానాకాలం వెళితే ఆ నీలం ఉండదు, బురదనీళ్ళే. దారిలో ఎలుగుబంట్లు "ముద్దుగా" ఉన్నాయని రాశావు. రొమ్ము మీద నెలవంక ఉన్న ఆ ఎలుగులను వేటగాళ్ళ నుంచి, పైత్యరసం కోసం బోనుల్లో పెట్టేవాళ్ళ నుంచి తప్పించి తెచ్చి అక్కడ పెంచుతున్నారు. నేను వెళ్ళిన రోజు ఒకతను వెదురు గొట్టాల్లో పళ్ళముక్కలు దూర్చి ఆవరణలో అక్కడక్కడా దాస్తున్నాడు. వెతుక్కుని తినడం మర్చిపోయాయి, నేర్పాలి అన్నాడు. ఆ పని చూస్తూ గంటసేపు ఉండిపోయాను.

వాట్ షియెంగ్ థాంగ్ గుడి దగ్గర బంగారపు పూతనూ, అది 1560 ప్రాంతంలో సేత్తాథిరాత్ రాజు కట్టించిందనీ రాశావు. సరే. శవరథం ఉంచిన మందిరం మీద మన రామాయణమే వాళ్ళ ఫ్రా లక్ ఫ్రా రామ్‌గా చెక్కి ఉందని కూడా గమనించావు, అది బాగుంది. కానీ పక్కనే ఉన్న ఎర్రగుడి గోడ చూడలేదు. 1950ల చివర, బుద్ధుడి నిర్యాణానికి 2,500 ఏళ్ళయిన సందర్భంగా ఆ గోడంతా రంగు అద్దపుముక్కలు అతికించారు. వాటిలో ఉన్నది ఊరి జనం, వాళ్ళ రోజువారీ బతుకు. గుడి గోడే వాళ్ళకు చోటిచ్చింది. నీ వ్యాసం ఇవ్వలేదు.

నది ఒడ్డున ఫ్రెంచి యాత్రికుడు ఆన్రీ మూవో సమాధి చూశానన్నావు. కంబోడియాలోని అంకోర్ గుడుల మీద యూరప్‌కు ఆసక్తి పుట్టించింది అతని డైరీలే. 1861లో, 35 ఏళ్ళకే, ఆ అడవిలో జ్వరంతో పోయాడు. మరి డైరీలు ఎలా బయటపడ్డాయి? అతని పనివాళ్ళే అతన్ని పూడ్చిపెట్టారు. వాళ్ళలో ఫ్రాయ్ అనే అతను కాగితాలనూ, సేకరించిన నమూనాలనూ బ్యాంకాక్ దాకా చేర్చాడు. ఆ చేతులే లేకపోతే మూవో అనే రచయితే లేడు. ఫ్రాయ్ పేరు నీ పేజీల్లో లేదు.

ఎన్ని పదాలుండాలని అడిగావు. ఆ ముసలావిడ గురించి ఎంత తెలిస్తే అంత. ఏమీ తెలియకపోతే మళ్ళీ వెళ్ళు. రాజధాని వియెంటియాన్ నుంచి ఇప్పుడు రైలుంది, సుమారు రెండు గంటలే. కుదిరితే మాత్రం థాయ్ సరిహద్దులోని హువై సాయ్ నుంచి మెకాంగ్ మీద పడవలోనే వెళ్ళు, రెండు రోజుల ప్రయాణం. ఫిబ్రవరిలో అయితే నది ఒడ్డున ఆడవాళ్ళు రాళ్ళమీది పాచి తీసి, కడిగి, దంచి, పల్చగా పరిచి, నువ్వులూ వెల్లుల్లీ టమాటా ముక్కలూ చల్లి ఎండబెడుతుంటారు. మనం వడియాలు పెట్టినట్టే. కైపెన్ అంటారు. వాళ్ళ పక్కన కూర్చో. ఫోన్ సంచీలో పెట్టు.

నీ పేజీలు తిరిగి పంపుతున్నాను. నాలుగో పేజీలో ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశాను. పైనున్నదంతా తీసేసి అక్కడినుంచి మొదలుపెట్టు. ఆమె టికెట్ ఏ చేత్తో ఇచ్చిందో, నీ డబ్బు ఎక్కడ దాచుకుందో గుర్తుంటే అదీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు